ఫెరారీ అధిపతుల నాయకత్వ శైలులను ఏ గీటురాయిపై పోల్చాలి?

ప్రశ్న: ఓరుగల్లు విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒకే సంస్థను వేర్వేరు కాలాల్లో నడిపిన అధిపతుల నాయకత్వ శైలులను పోల్చుతూ వ్యాసం రాయమని మా అధ్యాపకులు చెప్పారు. నేను ఇటలీలోని ఫెరారీని ఎంచుకున్నాను. 1947లో తన పేరుతో తొలి కారును బయటికి తెచ్చిన ఎంజో ఫెరారీ, 1991 చివరి నుంచి 2014 వరకు అధ్యక్షుడిగా ఉన్న లూకా ది మాంటెజెమోలో, ఆయన స్థానంలోకి వచ్చి 2018లో అనారోగ్యంతో మరణించడానికి కొద్దిరోజుల ముందు వరకు పగ్గాలు పట్టుకున్న సెర్జియో మార్కియోన్నె, 2021 సెప్టెంబరు నుంచి సీఈఓగా ఉన్న బెనెడెట్టో విన్యా, ఈ నలుగురి పేర్లతో ఒక పట్టిక గీసుకున్నాను.

పాఠ్యపుస్తకంలో ఉన్న నిరంకుశ, ప్రజాస్వామిక, పరివర్తనాత్మక అనే పేర్లను ఆ పట్టికలో నింపబోతే ఏదీ సరిగా ఇమడటం లేదు. ఎంజోను నిరంకుశుడని రాద్దామంటే, ఆయన 26 ఏళ్ల ఇంజినీరు మౌరో ఫోర్గియెరి చేతిలో సాంకేతిక విభాగం మొత్తాన్ని పెట్టిన సంగతి అడ్డు వస్తోంది. మార్కియోన్నెను లెక్కల మనిషి అని తేల్చేద్దామంటే, రేసింగ్ జట్టులో అధికార అంతస్తులు తగ్గించి లోపలి ఇంజినీర్లకు పెద్ద బాధ్యతలు ఇచ్చింది కూడా ఆయనే. నలుగురినీ ఒకే కొలతతో కొలవడానికి పనికివచ్చే ప్రశ్న ఏదైనా ఉందా? రేసింగ్ జట్టు వ్యవహారాలను ఇందులో కలపడం సరైనదేనా, లేక కార్ల వ్యాపారానికే పరిమితం కావాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: పాత రేసుల ప్రేక్షకుడు

రేసింగ్‌ను వదిలేస్తే ఫెరారీ గురించి రాయడానికి ఏమీ మిగలదమ్మా. మిగతా కంపెనీలు కార్లు అమ్ముకోవడానికి రేసులు ఆడాయి, ఎంజో మాత్రం రేసులు ఆడటానికి డబ్బు కావాలి కాబట్టి కార్లు అమ్మారు. 1929లో మోదెనాలో ఆయన స్కుదేరియా ఫెరారీని పెట్టినప్పుడు అది ఆల్ఫా రోమియో కార్లను పరుగెత్తించే జట్టు మాత్రమే, ఫెరారీ పేరుతో సొంత కారు రావడానికి ఇంకా 18 ఏళ్లు పట్టింది. కాబట్టి రెంటినీ కలిపే చూడండి.

ఇక కొలత విషయం. నేనైతే ఒకే ప్రశ్న వేస్తాను: చెడ్డ కబురు ఆ అధిపతి చెవిన ఎలా పడేది, పడ్డాక అది మోసుకొచ్చిన మనిషి ఏమయ్యేవాడు? మీ పట్టికలో గడులు గీయవలసింది దీని మీదే అని నా అభిప్రాయం.

1956లో కొడుకు డినో 24 ఏళ్ల వయసులో చనిపోయాక ఎంజో దాదాపుగా రేసులకు వెళ్లడం మానేశారు. ఇటలీలోని మోంజా ట్రాక్‌కు ప్రాక్టీసు రోజున వచ్చి, చూసుకుని వెళ్లిపోయేవారు. మిగతా లోకమంతా ఆయనకు టెలిఫోను ద్వారా, జట్టు మేనేజర్ల నివేదికల ద్వారా, పత్రికల ద్వారా తెలిసేది. తనను తాను డిజైనరుగా కాక, మనుషులను కదిలించేవాడిగా చెప్పుకున్న ఆయన, డ్రైవర్లను ఒకరితో ఒకరిని పోటీ పెట్టి, ఎవరి స్థానం ఖాయమో ఎవరికీ తెలియనివ్వకుండా పని రాబట్టేవారు. ఆ పద్ధతి ఎన్నో గెలుపులు తెచ్చింది, కాదనను. అయితే దానివల్ల ఆయన దగ్గరికి చేరే ప్రతి మాటా చెప్పేవాడి భయంతోనో స్వార్థంతోనో కొంత వంగి చేరేది.

1961 చివరలో జరిగింది చూడండి. ఆ ఏడాది ఫెరారీ డ్రైవరు ఫిల్ హిల్ ఫార్ములా వన్ ప్రపంచ విజేత, కార్ల తయారీదారుల టైటిల్ కూడా ఫెరారీదే. అటువంటి సంవత్సరం చివర ప్రధాన ఇంజినీరు కార్లో కీతి, మరో ఇంజినీరు జోత్తో బిజ్జారిని, జట్టు మేనేజర్ రోమోలో తావోని, అమ్మకాల అధిపతి జిరోలామో గార్దినితో సహా ముఖ్యులైనవాళ్లు ఒక్కసారిగా సంస్థకు దూరమయ్యారు. ఎంజో భార్య లావురా ఫ్యాక్టరీ వ్యవహారాల్లో కలుగజేసుకోవడం మీద వారందరూ ఫిర్యాదు చేస్తే, ఆయన ఫిర్యాదును వినకుండా ఫిర్యాదుదారులనే సాగనంపారు. ఫోర్గియెరికి ఆ చిన్న వయసులో అంత బాధ్యత వచ్చింది ఈ ఖాళీలోనే కాబట్టి, మీరు దాన్ని యువతపై నమ్మకంగా రాసే ముందు ఒకసారి ఆలోచించండి. ఫోర్గియెరి అసాధ్యుడని తర్వాత తేలింది, అది వేరే సంగతి. 1962లో ఫెరారీ ఒక్క ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు కూడా గెలవలేదు.

1966లోనూ అదే కథ. అప్పటికి రెండేళ్ల క్రితం ప్రపంచ విజేతగా నిలిచిన జాన్ సర్టీస్ బెల్జియంలో వానలో గెలిచి వచ్చాడు. ఆ వెంటనే ఫ్రాన్స్‌లోని ల మాన్‌లో 24 గంటల రేసు దగ్గర జట్టు మేనేజర్ యూజెనియో ద్రగోనితో పేచీ వచ్చి, సీజను మధ్యలోనే జట్టును వదిలేశాడు. వేరే జట్టు కారులో కూడా ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అతడు రెండో స్థానంలో నిలిచాడు. సర్టీస్‌కు, ఫెరారీ ఫ్యాక్టరీ ఉన్న మరనెల్లోలో కూర్చున్న పెద్దాయనకు మధ్య ఉన్న ఏకైక తీగ ద్రగోని. ఆ తీగ ఎటు లాగితే కబురు అటే వెళ్లింది.

మారింది 1973లో. న్యాయశాస్త్రం చదివిన పాతికేళ్ల మాంటెజెమోలో ఎంజోకు సహాయకుడిగా చేరి, మరుసటి ఏడాది జట్టు బాధ్యత తీసుకుని, ప్రతి రేసుకూ స్వయంగా వెళ్లి, చూసింది చూసినట్టు చెప్పసాగాడు. అప్పటికి ఫెరారీలో సగం వాటా ఉన్న ఫియట్ కార్ల కంపెనీని నడిపే అగ్నెల్లీ కుటుంబానికి దగ్గరివాడు కనుక అతడికి ఉద్యోగ భయం అంతగా లేదు. అదే కాలంలో వచ్చిన డ్రైవరు నికీ లౌడా తొలి పరీక్ష తర్వాత కారు బాగాలేదని ఎంజో ముఖం మీదే కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. అనువాదం చేస్తున్న ఎంజో కొడుకు పియెరో ఆ మాట తండ్రికి చేరవేయడానికి తటపటాయించాడని లౌడాయే తరువాత చెప్పుకున్నాడు. పక్కకు పంపిన ఫోర్గియెరిని అప్పటికే వెనక్కి పిలిచారు. 1975లో లౌడా విజేత, 1964 తర్వాత మొదటిసారిగా తయారీదారుల టైటిల్ కూడా వచ్చింది. మనుషులు పెద్దగా మారలేదు, యజమాని అసలే మారలేదు, కబురు వచ్చే దారి మారింది.

జవాబు 2: టురిన్ చదువు

నేను టురిన్‌లో ఆటోమోటివ్ ఇంజినీరింగ్ చదివే రోజుల్లో రెండుసార్లు మరనెల్లో వెళ్లాను. ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా ఎంజో భోజనం చేసిన కవల్లినో రెస్టారెంటు, కొంచెం దూరంలో ఫియొరానో ట్రాక్ మధ్యన ఆయన వాడుకున్న చిన్న ఇల్లు. తన ప్రపంచాన్ని తన కిటికీలోంచి కనిపించేంత మేరకు కుదించుకున్న మనిషి ఆయన అని అక్కడ నిలబడితే అర్థమవుతుంది. పై జవాబులోని కొలత నాకు నచ్చింది. దాన్నే మాంటెజెమోలో రెండో రాకకు పెట్టి చూస్తాను.

1991 చివర్లో ఆయన తిరిగి వచ్చేనాటికి ఎంజో చనిపోయి మూడేళ్లు, సంస్థలో 90 శాతం వాటా ఫియట్‌ది. ఆయన రాకకు కొద్ది వారాల ముందు, కారును లారీతో పోల్చినందుకు మూడుసార్లు ప్రపంచ విజేత అయిన అలెన్ ప్రోస్ట్‌ను చివరి రేసుకు ముందే ఉద్యోగంలోంచి తీసేశారు. లౌడా 1970ల్లో అన్నదీ ఇంచుమించు అటువంటి మాటే. ఒకరిని విని గెలిచారు, ఒకరిని వినక పోగొట్టుకున్నారు. 1990 చివర స్పెయిన్‌లో గెలిచిన ఫెరారీ మళ్లీ గెలవడానికి 1994 జులై దాకా, జర్మనీలో గెర్హార్డ్ బెర్గర్ గెలిచేదాకా ఆగవలసి వచ్చింది.

మాంటెజెమోలో చేసిన అతి పెద్ద పని, నా దృష్టిలో, తనకు తెలిసిన రేసింగ్‌ను తాను నడపకపోవడం. 1993లో పెజో నుంచి జీన్ టాడ్‌ను తెచ్చి జట్టును అప్పగించారు. ఒక ఫ్రెంచివాడి చేతికి ఫెరారీ జట్టును ఇవ్వడం ఇటలీలో చిన్న మాట కాదు. తర్వాత 1996లో జర్మన్ డ్రైవరు షూమాకర్, ఆ వెనుక ఇంగ్లండు నుంచి సాంకేతిక అధిపతిగా రాస్ బ్రాన్, దక్షిణాఫ్రికా డిజైనరు రోరీ బైర్న్ చేరారు. అంతకు ముందు ఇంగ్లండులో ఉన్న డిజైనరు జాన్ బార్నర్డ్ ఆఫీసులో గీసిన కారును ఇటలీలో కట్టేవారు, అంటే తప్పు దొరికితే అది ఎవరిదో తేల్చడానికే వారాలు పట్టేది. బైర్న్ వచ్చాక గీత, తయారీ ఒకే చోటికి చేరాయి.

ఇక అసలు పరీక్ష ఓటమి కాలంలో వచ్చింది. డ్రైవర్ల టైటిల్ 1997లో హెరెజ్‌లో చివరి రేసులో పోయింది, 1998లో సుజుకాలో చివరి రేసులో పోయింది, 1999లో షూమాకర్ కాలు విరగ్గొట్టుకున్నాక జట్టులోని రెండో డ్రైవరు ఎడ్డీ ఇర్విన్ 2 పాయింట్ల తేడాతో పోగొట్టుకున్నాడు. ప్రతిసారీ ఇటలీ పత్రికలు తలకాయలు అడిగాయి. ఎంజో కాలంలో అయితే మూడో ఏటికి కనీసం ఇద్దరు ముగ్గురు ఇంటికి వెళ్లేవారు. మాంటెజెమోలో ఎవరినీ కదపలేదు. 2000లో వచ్చిన డ్రైవర్ల టైటిల్ 1979 నాటి జోడీ షెక్టర్ తర్వాత మొదటిది, దాంతో కలిపి 2004 వరకు వరుసగా ఐదు. చెడ్డ కబురు తెచ్చినవాడికి ఉద్యోగం ఉంటుందన్న నమ్మకమే ఆ ఐదింటికి పునాది అంటాను.

ఫ్యాక్టరీలోనూ ఇదే ధోరణి. 1990ల చివరి నుంచి ఆర్కిటెక్టు రెంజో పియానో కార్లను గాలి వేగంలో పరీక్షించే సొరంగం కట్టారు, మరో ఆర్కిటెక్టు జాన్ నువెల్ అసెంబ్లీ భవనం కట్టారు, యంత్రాల షెడ్డు లోపల చెట్లు పెంచారు. వీటిని అలంకారమని కొట్టిపారేసేవారు ఉన్నారు. వెలుతురు, చల్లదనం ఉన్న షెడ్డులో పనివాడు మెషీను పక్కన ఇంకో పది నిమిషాలు నిలబడి తప్పు వెతుకుతాడని, ఈ వృత్తిలో ఉన్నవాడిగా నేను నమ్ముతాను. అయితే ఒక్క విషయంలో మాంటెజెమోలో ఎవరి మాటా వినేవారు కాదు. కారు ఎలా ఉండాలి, ఎన్ని అమ్మాలి అనేది ఆయన అభిరుచి. 2013లో గిరాకీ ఉండి కూడా ఏడాదికి 7,000 లోపే అమ్ముతామని ప్రకటించి, 6,922 కార్ల దగ్గర ఆపేశారు.

జవాబు 3: లెక్కల మాస్టారు

నేను వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంటును కాబట్టి నా పక్షపాతం ముందే ఒప్పుకుంటాను. పై రెండు జవాబులూ చక్కగా ఉన్నా, మాంటెజెమోలో చివరి ఆరేళ్లను మర్యాదగా దాటవేశాయి. 2008లో తయారీదారుల టైటిల్ తర్వాత ఆయన హయాంలో ఇంకో టైటిల్ రాలేదు. 2014లో ఒక్క రేసు కూడా గెలవలేదు. 1993 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. మనుషులను కదపకపోవడం ఒక దశలో ధైర్యం, మరో దశలో అలవాటు. తేడా లోపలివారికి తెలియదు, బయటివాడు చెప్పాలి.

ఆ చెప్పిన బయటివాడు మార్కియోన్నె. కియెతిలో పుట్టి, కెనడాలో పెరిగి, అకౌంటెన్సీ, న్యాయశాస్త్రం రెండూ చదివి, 2004లో మునిగిపోతున్న ఫియట్‌ను చేతిలోకి తీసుకున్న మనిషి. ఎక్కడికి వెళ్లినా అదే నల్ల స్వెట్టరు. 2014 సెప్టెంబరులో, సరిగ్గా మోంజా రేసు వారాంతంలో, ఎవరూ అనివార్యులు కారని ఆయన పత్రికల ముందే అన్నారు. కొద్దిరోజుల్లోనే మాంటెజెమోలో రాజీనామా ప్రకటన వచ్చింది. చావు కబురు చల్లగా చెప్పడం ఆయనకు చేతకాదు. ఆ రోజు అలా చెప్పిన తీరు నాకూ నచ్చలేదని రాసుకోండి.

కానీ ఆయన తీసుకున్న మార్గంలో ఒక గొప్ప సంగతి ఉంది. 2015 అక్టోబరులో ఫెరారీని 52 డాలర్ల ధరకు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి తెచ్చారు. అప్పటి నుంచి కంపెనీ మూడు నెలలకొకసారి తన లోపాలను తానే కాగితం మీద పెడుతోంది. అంటే చెడ్డ కబురు ఒక మనిషి దయ మీదో ధైర్యం మీదో ఆధారపడకుండా తేదీ ప్రకారం వచ్చే ఏర్పాటు అయింది. జవాబు 1 ఇచ్చినవారి కొలతలోనే చూస్తే నలుగురిలో ఈ పని చేసింది ఈయన ఒక్కరే. 2015లో 7,664గా ఉన్న అమ్మకాలు 2018లో 9,251కి చేరాయి. సంఖ్య పెరిగితే ఫెరారీ విలువ పడిపోతుందన్న మాంటెజెమోలో భయం నిజం కాలేదు. మార్కెట్ అడిగేదానికన్నా ఒక కారు తక్కువ అమ్మాలన్న ఎంజో సూత్రాన్ని ఈయన తోసిపుచ్చలేదు, మార్కెట్ ఎంత అడుగుతోందో మళ్లీ లెక్క వేశారు, అంతే. ప్రపంచంలో కొత్తగా ధనికులైనవారి సంఖ్య పెరుగుతూ ఉంటే పాత అంకెను పట్టుకుని కూర్చోవడం అభిరుచి అనిపించుకోదు.

రేసింగ్‌లో ఆయన లెక్క పూర్తిగా ఫలించలేదు. 2016లో సాంకేతిక అధిపతి జేమ్స్ అలిసన్ వెళ్లిపోయాక, ఇంజిన్ విభాగం నుంచి మత్తియా బినోత్తోను పైకి తెచ్చి, బయటి పెద్ద పేర్ల కోసం వెతకకుండా లోపలివారితోనే జట్టు కట్టారు. 2017లో 5, 2018లో 6 రేసులు గెలిచారు, టైటిల్ మాత్రం రాలేదు.

ప్రశ్న అడిగినవారు: ఓరుగల్లు విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. చెడ్డ కబురు అనే గడిని పట్టికలో చేర్చాను. అయితే రెండు సందేహాలు మిగిలాయి. ఎంజోది సొంత సంస్థ, మిగతావారు నియమితులు. ఈ రెండు రకాలవారినీ ఒకే కొలతతో కొలవడం న్యాయమేనా? విన్యా గురించి ఇంకా ఎవరూ రాయలేదు.

జవాబు 4: ఆటోనగర్ మెకానిక్

మొదటి సందేహానికి నాకు తెలిసింది చెబుతాను. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి షెడ్డు ఉండేది, ఇప్పుడు నేను చూస్తున్నాను. నాన్నగారు మేస్త్రీల మీద గట్టిగా అరిచేవారు. ఒకసారి ఒక లారీ గేర్‌బాక్సు బిగించేటప్పుడు బేరింగు పగిలితే, ఆ సంగతి చెప్పడానికి భయపడి మేస్త్రి అలాగే మూసేశాడు. ఆ బండి ఏలూరు దాటకముందే ఆగిపోయింది. నాన్నగారు ఆ తర్వాత కూడా అరవడం మానలేదు గానీ, పగిలిన సామాను తెచ్చి బల్ల మీద పెట్టినవాడిని మాత్రం ఏమీ అనేవారు కాదు. అందుచేత జవాబు 1లో రాసింది నాకు పుస్తకాల సంగతిగా అనిపించలేదు.

అయితే యజమానికీ నియమితుడికీ తేడా ఉంది. యజమాని తప్పు చేస్తే నష్టం ఆయన జేబుకే తగులుతుంది, దాంతో పాటు ఆయనను దింపేవాడు ఎవడూ ఉండడు. 1963లో ఫోర్డుతో అమ్మకం మాటలు దాదాపు పూర్తయ్యాక, రేసింగ్ మీద తన అధికారం పోతుందని తెలిసిన క్షణంలో ఎంజో లేచి వెళ్లిపోయారు. అందుకు ప్రతీకారంగా ఫోర్డు 1966లో ల మాన్‌లో మొదటి మూడు స్థానాలూ పట్టుకుపోయింది. ఒక నియమిత సీఈఓ అటువంటి బేరాన్ని తన మొండితనం కోసం వదులుకోగలడా? 1969లో ఫియట్‌కు సగం వాటా అమ్మినప్పుడు కూడా ఆయన రేసింగ్ మీద పట్టు వదల్లేదు. అంటే ఆరేళ్లు ఆగి, తాను కోరిన షరతు మీదే అమ్మారు. దీన్ని మొండితనం అనాలో దూరదృష్టి అనాలో నేను తేల్చలేను.

మాంటెజెమోలో, మార్కియోన్నె ఇద్దరూ అగ్నెల్లీ కుటుంబం నమ్మిన మనుషులు. ఇప్పటి చైర్మన్ జాన్ ఎల్కాన్ ఆ కుటుంబపు మనవడు. ఎంజో కొడుకు పియెరోకు 10 శాతం వాటా ఉంది. కాబట్టి మీ పట్టికలో "ఈయనను దింపగలిగినవారు ఎవరు" అని ఇంకో గడి పెట్టుకుంటే, శైలి అని మనం అనుకునేదాంట్లో ఎంత భాగం నిజంగా స్వభావమో, ఎంత భాగం కుర్చీ బలమో విడిపోతుంది.

జవాబు 5: పాత రేసుల ప్రేక్షకుడు

లెక్కల మాస్టారి విమర్శ ఒప్పుకుంటున్నాను. కానీ మూడు నెలల నివేదికలో డబ్బు లోపం కనబడుతుంది, కారు లోపం కనబడదు. కారు బాగాలేదన్న మాట ఇప్పటికీ ఒక మనిషి నోటితోనే రావాలి. ఆటోనగర్ మిత్రుడి బేరింగు కథలో ఉన్నదంతా అదే.

ఇక విన్యా. బసిలికాతా కొండల్లోని పియెత్రపెర్తోసా అనే చిన్న ఊరి నుంచి వచ్చి, పీసాలో భౌతికశాస్త్రం చదివి, పాతికేళ్లకు పైగా ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ అనే ఎలక్ట్రానిక్ చిప్పుల కంపెనీలో పనిచేశారు. నింటెండో వీ ఆటల రిమోటులోని చలన సెన్సరు వెనుక ఉన్నది ఆయన బృందమే. ఫెరారీ చరిత్రలో కార్ల పరిశ్రమతో గానీ, అగ్నెల్లీ వర్గంతో గానీ సంబంధం లేకుండా వచ్చిన అధిపతి అరుదు. ఆయనకు ముందు సీఈఓ అయిన లూయిస్ కమిల్లెరి సిగరెట్ల కంపెనీ నుంచి వచ్చారు. రెండేళ్లు దాటగానే 2020 డిసెంబరులో తప్పుకున్నారు కాబట్టి ఆయనను పట్టికలో చేర్చకపోవడమే మేలు.

విన్యా 2022 జనవరిలో సంస్థ నిర్మాణాన్ని మార్చి, అంతస్తులు తగ్గించి, లోపలివారిని పైకి తెచ్చారు, తన పాత సంస్థ నుంచి కూడా కొందరిని తీసుకున్నారు. చిప్పుల పరిశ్రమలో వెయ్యి ముక్కల్లో ఎన్ని చెడిపోయాయన్నది రోజూ బోర్డు మీద రాస్తారు, అది ఎవరికీ అవమానం కాదు. ఆ అలవాటును ఆయన మరనెల్లోకు తెచ్చారా అన్నది నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న. ఇటలీలోని ఉద్యోగులను వాటాదారులుగా చేసే పథకం కూడా ఆయన కాలంలోనే మొదలైంది. 2024 ఫలితాల మీద ఒక్కొక్కరికి 14,400 యూరోల వరకు బోనస్ ప్రకటించారు. అదే ఏడాది 13,752 కార్లు అమ్మారు, అంటే మాంటెజెమోలో గీసిన గీతకు దాదాపు రెట్టింపు. మార్కియోన్నె ఒకప్పుడు ససేమిరా అన్న పెద్ద నాలుగు తలుపుల కారు పురోసాంగ్వే 2022లో వచ్చింది, దాని వాటాను మాత్రం అమ్మకాల్లో 20 శాతానికి పరిమితం చేశారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన తీరును బయటి నుంచి కూడా చూడవచ్చు. 2030 నాటికి అమ్మే మోడళ్లలో 40 శాతం పూర్తి ఎలక్ట్రిక్‌గా ఉంటాయని 2022లో చెప్పారు. 2025 అక్టోబరులో దాన్ని 20 శాతానికి తగ్గించి, 40 శాతం పెట్రోలు ఇంజిన్లు, 40 శాతం హైబ్రిడ్లు ఉంటాయని ప్రకటించారు. ఆ రోజు షేరు బాగా పడింది. కొనుగోలుదారులు ఎలక్ట్రిక్ ఫెరారీని కోరుకోవడం లేదన్న కబురు ఆయనకు డీలర్లు చెప్పారో, ఇంజినీర్లు చెప్పారో, తానే గ్రహించారో మనకు కనబడదు. ఏదేమైనా వచ్చిన కబురును దాచకుండా, తన మాటను తానే దిద్దుకున్నారు. చెప్పినవారు ఇంకా అక్కడే పనిచేస్తున్నారా అన్నది తేలేవరకు, మీ పట్టికలో విన్యా ఎదురుగా ఆ ఒక్క గడిని ఖాళీగా ఉంచండి. ఎందుకు ఖాళీగా ఉంచారో కింద ఒక వాక్యం రాస్తే మీ అధ్యాపకులు కాదనరు.